ప్రాచీన రేవు పట్టణాల తవ్వకాలు – విద్యార్థుల సేవ

మన జహీరాబాదును ఆనుకొని పోయే పెద్ద రహదారిని మనము ప్రతిదినము చూస్తూనే ఉన్నాము. చెరకు బండ్లు, లారీలు, బస్సులు రేయింబవళ్లు ఆ దారిన సాగుతుంటవి. అది ఎక్కడ ముగుస్తుందో ఎందరు విచారించినారు? జాతీయ రహదారి 65 పూణేలో మొదలై, షోలాపూరు మీదుగా మన ఊరికి వచ్చి, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడలను దాటి మచిలీపట్నం వద్ద ముగుస్తున్నది. అనగా మన వాకిటి బాట చివర ఒక ఓడరేవు ఉన్నది. ఆ పట్టణాన్ని తెలుగువారు బందరు అంటారు. ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. 'బందర్' అనే పారసీ పదానికి రేవు అనియే అర్థము.

ఈ వ్యాసంలో ప్రాచీన రేవు పట్టణాలను మట్టిలో నుంచి ఏ విధంగా వెలికి తీస్తారో, ఆ పనిలో విద్యార్థి స్వచ్ఛందంగా ఏ సేవ చేయగలడో, ఆ సేవ మన జిల్లాకు ఎందుకు అవసరమో వివరింపదలచినాము. మేము చరిత్ర అధ్యాపకులము కాము, తెలుగు బోధించువారము. అయితే ఎం.ఏ.లో శాసనాలు చదువుతూ, ఆ శాసనాలు నిలిచిన నేలను చూడాలనే కోరికతో ఒక తవ్వకంలో కొన్ని దినాలు పనిచేసినాము. అక్కడ నేర్చుకొన్నదీ, అక్కడ చేసిన తప్పూ రెండూ ఇక్కడ చెప్పెదము.

తీరానికీ మన సీమకూ గల సంబంధము

క్రీ.శ. మొదటి శతాబ్దిలో, ఈజిప్టు నుంచి మన సముద్రాలలో వర్తకం సాగించిన ఒక గ్రీకు 'ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్' అనే చిన్న గ్రంథము రచించినాడు. అతని పేరు గ్రంథంలో లేదు. అతడు కృష్ణా ముఖద్వార ప్రాంతాన్ని మసాలియా అని పేర్కొని, అక్కడ సన్నని నూలు బట్టలు విస్తారంగా తయారగునని వ్రాసినాడు. పైఠణుకు తూర్పున పది దినాల ప్రయాణంలో తగర అనే మహానగరము ఉన్నదనీ, తీర ప్రాంతాల సరుకులు అక్కడికి చేరి, అక్కడి నుంచి బండ్లమీద పడమటి రేవుకు పోవుననీ కూడా చెప్పినాడు. ఆ తగర నేటి మహారాష్ట్రలోని తేరు గ్రామము. తూర్పు తీరం నుంచి తేరుకు పోవలెనన్న తెలంగాణ పీఠభూమిని దాటక తప్పదు.

ఇది ఊహ మాత్రమే కాదనుటకు నిదర్శనము మన సంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది. అదే కొండాపూర్. 1914లో ఏర్పడిన హైదరాబాదు రాజ్య పురావస్తు శాఖకు తొలి సంచాలకులు జనాబ్ గులాం యజ్దానీ గారు. అజంతా చిత్రాలపై వారు వెలువరించిన సంపుటాలు లోకప్రసిద్ధములు. వారి హయాములో 1940–42 మధ్య కొండాపూర్ దిబ్బను తవ్వగా శాతవాహనుల నాటి పట్టణము బయటపడినది. వేలకొలది నాణెములు, నాణెములు ముద్రించిన ఆనవాళ్లు, తెల్లని సన్న మట్టితో చేసిన బొమ్మలు, లెక్కకు మిక్కిలిగా పూసలు లభించినవి. ఆ పూసలపై ఎం.జి. దీక్షిత్ గారు ప్రత్యేక గ్రంథమే వ్రాయగా అది 1952లో వెలువడినది. వీటితోపాటు రోము చక్రవర్తి ఆగస్టసు బంగారు నాణెము కూడా దొరికినది. సముద్రము కంటికి కనబడని సీమలో సముద్రము దాటి వచ్చిన నాణెము! ఆ నాణెము ఏదో ఒక రేవులో దిగియుండవలె. ఆ రేవులు ఏమైనవి?

రేవులు మట్టిలో కలిసిన తీరు

కోట పడిపోతే మొండిగోడలైనా మిగులును. రేవు అటువంటిది కాదు. రేవుకు ప్రాణము నీరు. నది ఏటేటా తెచ్చే ఒండ్రు కాలువను పూడ్చివేయును. పాయ దారి మార్చుకొనును. సముద్రము వెనుకకు జరుగును. నీరు తొలగిన నాడు వర్తకుడు తొలగును, వర్తకుని వెంట పట్టణము తొలగును. రెండవ శతాబ్దిలో టాలెమీ పేర్కొన్న కంటకస్సిల అనే వర్తక కేంద్రము కృష్ణా జిల్లాలోని ఘంటసాల అని పండితుల నిర్ణయము. నేడు ఆ ఊరు వరిపొలాల నడుమ ఉన్నది. అక్కడ నిలబడి చూస్తే సముద్రము జాడ కూడా తెలియదు. కుతుబ్‌షాహీల కాలంలో గోలకొండ రాజ్యానికి ముఖద్వారమై, 1611లో ఆంగ్లేయుల ఓడ వచ్చి ఆగిన మచిలీపట్నము సైతము 1864 నవంబరు నాటి ఉప్పెనలో వేలాది ప్రాణాలతోపాటు తన పూర్వవైభవాన్ని పోగొట్టుకొన్నది.

కావున రేవును వెదకువాడు గోడలకంటె ముందు నీటి గురుతులను వెదకవలెను. నీరు నిలిచినచోట సన్నని బురద పొరలు పొరలుగా పేరుకొనును. వాటిలో నత్తగుల్లలుండును. ఒక్కొక్కప్పుడు తడి ఆరని లోతులో కొయ్య కూడా వేల ఏండ్లు చెడక నిలుచును.

ధరణికోటలో ఓడల కాలువ

ఇందుకు మన తెలుగునాట చక్కని ఉదాహరణ ధరణికోట. పల్నాడు జిల్లాలో, అమరావతి స్తూపానికి చేరువలో, కృష్ణానది కుడి ఒడ్డున ఈ ప్రాచీన ధాన్యకటక నగరపు దిబ్బలున్నవి. 1962 నుంచి కొన్ని ఋతువులపాటు భారత పురావస్తు సర్వేక్షణ శాఖ పక్షాన ఎం. వెంకటరామయ్య, కె. రాఘవాచారి గార్లు ఇక్కడ తవ్వకాలు జరిపినారు. నదితో కలుపుతూ మనుష్యులు త్రవ్వించిన ఓడల కాలువ ఒకటీ, దాని ఒడ్డున సరుకులు దించుకొనే కట్ట ఒకటీ బయటపడినవి. కట్ట మొదట కొయ్య స్తంభాలతో నిర్మితమైనది; తరువాతి కాలమున ఇటుకలతో కట్టినారు. కడకు కాలువ పూడిపోయినది. కొయ్య, ఇటుక, పూడిక – ఈ మూడు పొరలే ఆ రేవు జీవితచరిత్ర. దీనిని ఏ కవీ వ్రాయలేదు, ఏ రాజూ చెక్కించలేదు. మట్టి మాత్రమే దాచిపెట్టినది.

ధరణికోటలో దొరికిన వస్తువులలో ఒక జాతి పెంకులను ప్రత్యేకంగా గమనింపవలెను. అవి నునుపైన పళ్లెముల ముక్కలు. అడుగు లోపలివైపు పంటిచక్రము దొర్లించినట్లు సన్నని చుక్కల వలయాలుండును. వీటిని రూలెటెడ్ పాత్రలంటారు. 1945లో పుదుచ్చేరి సమీపాన అరికమేడులో మార్టిమర్ వీలర్ తవ్వినప్పుడు ఇవి ఇటలీ నుంచి వచ్చిన ఎర్రని పాత్రల సహవాసములో కనిపించినవి. ఇటలీ పాత్రల కాలము ముందే తెలిసియున్నందున వీటి కాలమును కూడా లెక్కకట్టుటకు వీలైనది. ఈ రూలెటెడ్ పాత్రలు మన దేశమున తయారైనవేనని తరువాతి పరిశోధనలు తేల్చినవి. ఇవే పెంకులు శ్రీలంకలో, ఇండోనేషియాలోని బాలీ ద్వీపములో కూడా దొరికినవి. అనగా మన రేవులకు సరుకులు వచ్చుటయే కాదు, మన కుమ్మరి చేతిపని కూడా సముద్రము దాటినది. చిల్లిగవ్వ చేయని పెంకు చెప్పిన సంగతి ఇది.

శాసనము చెప్పునది, మట్టి చెప్పునది

శాసనాలు చదివే వారికి మోటుపల్లి పేరు సుపరిచితము. నేటి బాపట్ల జిల్లాలోని ఆ తీరగ్రామములో కాకతీయ గణపతిదేవుడు శక సంవత్సరము 1166లో, అనగా క్రీ.శ. 1244లో, వేయించిన అభయ శాసనము ఉన్నది. గాలివానకు చిక్కి ఒడ్డున పడిన ఓడల సరుకును పూర్వరాజులు బలాత్కారముగా అపహరించేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని మాన్పి, దేశదేశాల నుంచి వచ్చిపోయే వర్తకులకు అభయమిచ్చి, ఎగుమతి దిగుమతులపై ముప్పదింట ఒక వంతు సుంకము మాత్రమే నిర్ణయించినాడు. చందనము, కర్పూరము, ముత్యాలు, పన్నీరు, దంతము, పగడము, పట్టు, మిరియాలు మొదలైన సరుకులు అందులో చెప్పబడినవి. కర్పూరములో చీనా కర్పూరము కూడా ఉన్నది. ఆ శతాబ్ది చివర వెనీసు యాత్రికుడు మార్కోపోలో ఈ రాజ్యాన్ని ముత్ఫిలి పేరుతో వర్ణించి, ఏలుచున్న రాణిని ప్రశంసించినాడు. ఆమె మన రుద్రమదేవి.

శాసనము రాజు ఇచ్చిన మాట. ఆ మాట నమ్మి వర్తకులు వచ్చినారా? ఈ ప్రశ్నకు శాసనము సమాధానము చెప్పలేదు. మోటుపల్లి నేలలో దొరికిన చైనా పింగాణీ పెంకులు చెప్పినవి. మాటకు మట్టి సాక్ష్యము పలికినది. సాహిత్య విద్యార్థులు కూడా తవ్వకాల పట్ల ఆసక్తి వహింపవలెనని మేము కోరుటకు కారణమిదే. అక్షరము ఎంత గొప్పదైనను దాని పక్కన సాక్షి ఒకడు నిలిచినప్పుడు దాని బలము ఇనుమడించును.

తవ్వకంలో సేవకుని పని

తవ్వకమనగానే నిధి, బంగారము, పలుగులు, పారలు మనస్సుకు వచ్చును. అక్కడికి పోయినవాడు తొలిదినమే ఈ భ్రమ వదలుకొనవలసి యుండును. ముందుగా దిబ్బను కొలిచి, మేకులు పాతి, పురికొసలు కట్టి చదరపు గళ్లుగా విభజింతురు. గడికీ గడికీ నడుమ మట్టిగట్టును తవ్వక విడిచిపెట్టుదురు. ఆ గట్టు పక్కభాగమున పొరలన్నియు ఒకదానిమీద ఒకటి పుస్తకపు పుటలవలె కనిపించును. పై పొర మొదలుకొని ఒక్కొక్క పొరకు సంఖ్య నిచ్చెదరు. ఈ క్రమమును మన దేశములో స్థిరపరచినవాడు వీలర్. ఆయన 1944లో తక్షశిలలో శిక్షణ శిబిరము నడిపి, మరుసటి ఏడు అరికమేడులో తవ్వకము చేపట్టినాడు. నేడు మనము గౌరవించే పురాతత్త్వవేత్తలు పలువురు ఆనాడు విద్యార్థులుగా గోతిలో కూర్చుండి నేర్చుకొన్నవారే.

విద్యార్థి సేవకునికి అప్పగించే పనులు ఇవి. చిన్న తాపీతోను, కుంచెతోను మట్టిని గీకుట. గీకిన మట్టిని జల్లెడ పట్టుట. పెంకులను కడిగి ఎండబెట్టుట. ప్రతి పెంకుమీద ఊరు, గడి, పొర తెలిపే గురుతులను నల్లసిరాతో వ్రాయుట. పూసలను, నాణెములను వేరువేరు సంచులలో ఉంచి, లోతును తేదీని చీటీపై నమోదు చేయుట. పొరల చిత్రమును కొలతప్రకారము గీయుట. కడగకూడనివి కూడా ఉన్నవని మరువరాదు. రంగు గీతలున్న పెంకును, అక్షరాలున్న పెంకును, లోపల జిగురు అంటియున్న కూజా ముక్కను కుంచెతో రుద్దరాదు. బొగ్గును చేతితో ముట్టరాదు. దానివల్లనే కాలనిర్ణయము చేయుదురు.

రేవు తవ్వకములో మరొక జాగ్రత్త ఉన్నది. తడిమట్టిలోని కొయ్యకు గాలి తగిలిన కొద్ది గంటలలోనే పగుళ్లు పుట్టును. దానిని తడి గోనెలతో కప్పి కాపాడవలెను. కేరళలోని పట్టణం గ్రామములో 2007 నుంచి జరిగిన తవ్వకాలలో సుమారు ఆరు మీటర్ల పొడవుగల దోనె ఒకటీ, ఓడలు కట్టివేసే కొయ్య గుంజలూ తడినేలలో లభించినవి. వాటిని చెడకుండ పైకి తీయుట తవ్వుటకంటె కష్టమైన పని.

మేము చేసిన తప్పు

మేము పనిచేసిన స్థలము కోస్తాలో, పూర్వము నదీపాయ పారిన ఒక చిన్న పాటిదిబ్బ. పాటిదిబ్బ అనగా పాత ఊరు శిథిలమై ఏర్పడిన గుట్ట అని పల్లెవాసులకు తెలియును. మా గడిలో మట్టి తవ్వే కూలీలలో ఒక వృద్ధురాలు ఉండెడిది. మేము పుస్తకము చూచి పొర మారినదా లేదా అని తర్జనభర్జన పడుచుండగా ఆమె పలుగు ఆపి, "మన్ను మారిందయ్యా, చప్పుడు వేరుగా ఉంది" అన్నది. పర్యవేక్షకులు వచ్చి చూడగా ఆమె మాటే నిజమైనది. మాకు డిగ్రీలుండినవి, ఆమెకు చెవి ఉండినది. స్వచ్ఛంద సేవకుడు అక్కడి కూలీలకంటె తాను గొప్పవాడనని తలచినచో సగము విద్య పోగొట్టుకొన్నవాడగును.

నాలుగవనాటి సాయంకాలము పని ముగిసి అందరు పోవుచుండగా మట్టిగట్టు పక్కన అందమైన పెంకు ఒకటి సగము బయటికి కనిపించినది. మర్నాటికి ఆగలేక దానిని ఊడదీసి, బసలో మిత్రులకు చూపవచ్చునని జేబులో వేసికొన్నాము. రాత్రి పర్యవేక్షకులకు చూపినాము, మెప్పు లభించునని. వారు దానిని అటునిటు త్రిప్పి, "ఏ పొర?" అని అడిగినారు. మేము చెప్పలేకపోయినాము. రెండు పొరలు కలిసే చోట అది ఉండినది. పైదో క్రిందిదో చూడక పెరికినాము. "నిన్నటి వరకు ఇది సాక్షి. ఇప్పుడు పెంకు మాత్రమే" అని వారు మెల్లగా దానిని బల్లమీద పెట్టినారు. కోపించియున్న బాగుండెడిదని ఆ రాత్రి మాకు తోచినది.

అంతటినుంచి మాకు బోధపడిన సత్యమొకటే. వస్తువుకు విలువ దాని అందములో లేదు, లోహములో లేదు; అది ఉన్న చోటులో ఉన్నది. రేవు విషయములో ఈ మాట మరింత నిజము. రేవులోని సరుకు చాలవరకు మరొక చోటినుంచి వచ్చినదే. అది ఎప్పుడు వచ్చినదో, ఎవరి కాలమున వచ్చినదో చెప్పగలిగినది దాని పొర ఒక్కటే. కొండాపూర్‌నే తీసికొనుడు. అక్కడి తొలి తవ్వకము వీలర్ పద్ధతి మన దేశమునకు రాకముందు జరిగినది. 2009 నుంచి 2011 వరకు సర్వేక్షణ శాఖ వారు అదే దిబ్బకు మరల వచ్చి పొరల వరుసను పరిశీలింపవలసి వచ్చినది. దిబ్బ కొంత మిగిలియున్నందువల్ల అది సాధ్యమైనది. మిగలకపోయిన దిబ్బకు మరల పోవుటకు వీలున్నదా?

మన పాటిమన్ను

ఈ ప్రశ్న ఒకనాడు మా తరగతి గదిలోనికే వచ్చినది. డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు రుమాలులో నాలుగు పూసలు, ఒక రాగి నాణెము కట్టి తెచ్చినాడు. వారి పొలానికి ట్రాక్టరుతో పాటిమన్ను తోలించినారట. పాటిమన్ను పైరుకు బలమని మన రైతులందరు ఎరుగుదురు. చల్లిన మన్నులో ఇవి కనబడినవి. పిల్లవాడు శ్రద్ధ గలవాడు. నాణెమును చింతపండుతో తోమి తళతళలాడించి తెచ్చినాడు. "సార్, దీని వెల ఎంత ఉంటుంది?" అని అడిగినాడు. మేము దానిని వెలుతురుకు పట్టి చూచినాము. అంచున అక్షరాలుండిన చోట మెరుపు మాత్రమే మిగిలియున్నది. ఏ దిబ్బ మన్ను అని అడిగినాము. రెండు ఊళ్ల మన్ను కలిపి తోలినారని చెప్పినాడు.

అతనిని మందలించుటకు మాకు నోరు రాలేదు. మా జేబులోని పెంకు జ్ఞప్తికి వచ్చినది. అయితే ఒక సంగతి వివరించినాము. 1878 నాటి నిక్షేపాల చట్టము ప్రకారము, భూమిలో దాగియుండి దొరికిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుకు తెలుపవలెను. 1958 నాటి చట్టము క్రింద రక్షిత స్థలములలో అనుమతి లేక తవ్వుట నేరము. మరునాడు అతడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చినాడు. ఆ రైతు, "మాకు తెలిస్తే మన్ను ఎందుకు తోలుతాం సార్? చెప్పినవాళ్లెవరు?" అన్నాడు. ముగ్గురము కలిసి తహసీలు కచేరీకి పోయి ఆ వస్తువులను ఒప్పగించినాము. కాని ఆ రైతు అడిగిన ప్రశ్న మాత్రము ఒప్పగింపలేక వెంట తెచ్చుకొన్నాము. చదువుకొన్నవారు చెప్పకపోయిన ఎవరు చెప్పుదురు?

కమిటీ వారికి విన్నపము, విద్యార్థులకు సూచన

కళాశాల కమిటీ వారికి మా విన్నపము చిన్నది. ఏటా ఒకసారి విద్యార్థులను కొండాపూర్ దిబ్బకు, అక్కడి ప్రదర్శనశాలకు తీసికొనిపోవుటకు ఏర్పాటు చేయవలెను. అనుమతి గల తవ్వకము ఎక్కడ జరిగినను, ఆసక్తి గల విద్యార్థులను పంపి, ఆ దినాలను గైర్హాజరుగా లెక్కింపకుండవలెను. విద్యార్థినులకు తగిన బసయు, వెంట అధ్యాపికయు ఉన్నచో తల్లిదండ్రులు ఆటంకము చెప్పరని మా విశ్వాసము. పెంకుల వర్గీకరణకు, చిత్రలేఖనానికి కావలసిన ఓర్పు వారికి కొరత లేదు.

విద్యార్థులారా! తవ్వకము దొరికే వరకు చేతులు ముడుచుకొని కూర్చుండనక్కరలేదు. తవ్వకుండనే చేయదగిన సేవ ఉన్నది. మీ ఊరి పాటిగడ్డ ఎక్కడ ఉన్నదో, ఎంత వెడల్పో, ఎవరి పొలమో, దానిమీద ఏయే రంగుల పెంకులున్నవో ఒక పుస్తకములో వ్రాయుడు. ఫోటో తీయుడు. వస్తువును కదల్పకుడు. ఉర్దూ వచ్చినవారు పెద్దల వద్దనున్న పాత కాగితములలో ఆ గ్రామము పేరు ఏ విధంగా వ్రాయబడినదో చూడుడు. తెలుగు వచ్చినవారు గుడిముందరి రాతిమీది అక్షరాలను గమనించుడు. ఇద్దరు కలిసి వ్రాసిన పుస్తకము ఒకనాడు పురావస్తు శాఖ వారి బల్లమీదికి చేరును. మన్ను తోలించే రైతును నిందింపకుడు. అతడు మీ తండ్రియో, మేనమామయో. అతనికి సంగతి తెలియజెప్పుడు. తెలిసినపిదప అతనికంటె మంచి కావలివాడు ఆ దిబ్బకు లేడు.

యజ్దానీ గారి పేరు, గణపతిదేవుని పేరు ఒకే పాఠములో చెప్పుకొన్నాము. ఒకరు పాతిపోయిన పట్టణాన్ని వెలికి తీసినవారు; మరొకరు పరదేశి ఓడకు అభయమిచ్చినవారు. ఇద్దరు చేసిన పని ఒక విధముగా ఒక్కటే. గాలివానకు ఒడ్డున పడినదానిని దోచుకొనరాదని రాజు శాసించినాడు. కాలమనే గాలివానకు మన పొలాల ఒడ్డున పడిన ఓడలు ఈ దిబ్బలు. వాటికి అభయమిచ్చుట నేడు మన వంతు.